నల్లమల అంచు ఊళ్లలో కార్చిచ్చును నిజంగా ముప్పుగా చూస్తున్నారా?

ప్రశ్న – చింతగింజ

నమస్కారం. నల్లమల తూర్పు అంచున, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డుకు కొంత ఎడంగా ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా పంచాయతీకి విపత్తుల ప్రణాళిక రాయవలసి రావడంతో, ఊరికి ఏ ముప్పులు ఉన్నాయో ఊరివాళ్లనే అడిగి తెలుసుకునే పని నాకు అప్పగించారు. రచ్చబండ దగ్గర నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ముప్పు పేరు రాసి, అందరికీ తలా గుప్పెడు చింతగింజలు ఇచ్చి, దేనికి ఎక్కువ భయపడతారో ఆ గడిలో ఎక్కువ గింజలు పెట్టమని కోరాను.

బోర్లు ఎండిపోవడం, చేలల్లో అడవిపందులు పడటం, పాముకాటు, వానాకాలపు జ్వరాలు, ఈ గళ్లన్నీ నిండిపోయాయి. ‘కార్చిచ్చు’ అని రాసిన గడి మాత్రం దాదాపు ఖాళీగా మిగిలింది. అంతకు కొద్ది రోజుల ముందే అటవీ శాఖవారు ఇదే రచ్చబండ దగ్గర సభ పెట్టి, ఈ అడవికి కార్చిచ్చును మించిన శత్రువు లేదని గంటసేపు చెప్పి వెళ్లారు. ఆ సభకు వచ్చినవాళ్లూ, గింజలు పెట్టినవాళ్లూ చాలావరకు ఒకరే.

నన్ను ఇంకా ఎక్కువ ఆలోచనలో పడేసిన సంగతి ఆ తరువాత జరిగింది. అందరూ లేచిపోతున్న సమయంలో పక్క గూడెం నుంచి వచ్చిన ఒక చెంచు ముసలమ్మ, “కార్చిచ్చంటే ఏంది సారూ, అగ్గేనా?” అని అడిగింది. అవునన్నాను. ఆమె వంగి, పాముకాటు గడిలో తాను పెట్టిన గింజలు కొన్ని తీసి ఖాళీ గడిలో వేసి, “అగ్గయితే మా గుడిసెకు బయం గదా” అని చెప్పి వెళ్లిపోయింది. నేను రాసిన మాట పుస్తకాల మాట. ఆమెకు తెలిసిన మాట వేరు.

అందువల్ల నాకు కలిగిన సందేహాన్ని ఇక్కడ ఉంచుతున్నాను. ఏటా వేసవిలో కొండ మీద మంటల వరుసను రాత్రిపూట మా ఊరి నుంచే చూస్తాం. అయినా ఇక్కడివాళ్లు దానికి భయపడకపోవడం నిజమేనా, భయం ఉండీ చెప్పడం లేదా, లేక నేను అడిగిన తీరే తప్పా? నేను ఈ ప్రాంతంవాడిని కాను. కోస్తాలో పుట్టి పెరిగాను, కార్చిచ్చు అనగానే నా మనసులో మెదిలేవి టీవీలో చూసిన విదేశీ దృశ్యాలే. ఈ అడవిని ఎరిగినవారు చెబితే నేర్చుకుంటాను.

జవాబు – పాత బీటు

చింతగింజ గారికి నమస్కారం. నేను అటవీ శాఖలో క్షేత్రస్థాయి ఉద్యోగిగా చేరి, ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం నల్లమల బీట్లలోనే, అంటే ఒక్కొక్క గార్డు కాపలాకు అప్పగించే అటవీ భాగాల్లోనే తిరిగి పదవీ విరమణ చేసినవాడిని. కాబట్టి నా మాటల్లో శాఖ పక్షం కొంత ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను.

మొదట మంట స్వభావం చెప్పాలి, ఎందుకంటే మీ గడి ఖాళీగా మిగలడానికి సగం కారణం అందులోనే ఉంది. మనది ఆకురాల్చే అడవి. మాఘమాసం దాటేసరికి నల్లమద్ది, చిరుమాను, టేకు ఆకులు రాలి నేలంతా ఎండుటాకు దుప్పటిలా పరుచుకుంటుంది. ఫిబ్రవరి నుంచి జూన్‌లో తొలకరి పడేదాకా నిప్పు ఎక్కడ పడినా ఈ ఆకు మీదనే పాకుతుంది. చాలాచోట్ల అది మోకాలెత్తు మంట, మనిషి పక్కకు తప్పుకోగలిగినంత నెమ్మదైన మంట. పెద్ద చెట్లకు బెరడు మందం కనుక అవి నల్లబడి కూడా నిలుస్తాయి, వాన పడగానే చిగురిస్తాయి. కాలిఫోర్నియాలోనూ ఆస్ట్రేలియాలోనూ చెట్ల తలల మీదుగా దూకుతూ ఊళ్లను మింగే మంట ఇక్కడ లేదు. చిన్నతనం నుంచి ఏటా ఈ మంటను చూసి, పచ్చికొమ్మలు విరిచి కొట్టి ఆర్పిన మనిషి దాన్ని పాముకాటు కంటే పెద్ద ముప్పు అని ఎందుకు అనుకుంటాడు? అతని లెక్కలో పొరపాటు లేదు.

అయితే ఆ లెక్కలో కనిపించనిది ఒకటి ఉంది. పెద్ద చెట్టు బతుకుతుంది గాని, దాని కింద మొలిచిన గింజ బతకదు. నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లు, తాబేళ్లు, ఏడాది రెండేళ్ల మొక్కలు, ఇవన్నీ ఆ మోకాలెత్తు మంటలోనే పోతాయి. ఒకే చోట ఏటా మంట నడిస్తే, ఇరవై ఏళ్ల తరువాత అక్కడ ముసలి చెట్లే ఉంటాయి, వాటి తరువాతి తరం ఉండదు. శాఖ భయం ఈ ఇరవై ఏళ్ల భయం. ఊరి భయం ఈ పూట భయం. సభల్లో మేము మా భయాన్నే చెప్పాం, వాళ్లది అడగలేదు.

మంట నెమ్మదిగా పాకుతుందన్న మాట వాలు మీద మాత్రం వర్తించదని పిల్లలకు తప్పకుండా చెప్పండి. బోద గడ్డి నిండిన కొండవాలు మీద గాలి తోడైతే మంట పైకి పరుగెడుతుంది, మనిషి దాన్ని దాటలేడు. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వచ్చిన బృందాలు ఇటువంటి గడ్డి మంటలోనే చిక్కుకున్నాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. మన కాపరులకు తెలిసిన ఒక సంగతి ఇక్కడ ప్రాణం కాపాడుతుంది: మంట వస్తున్నప్పుడు దాని ముందు కొండెక్కకూడదు, వీలు చూసుకుని కాలిపోయిన నేల మీదికి చేరుకోవాలి. కాలినచోట మళ్లీ కాలదు.

ఇక లెక్కల విషయం. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాల ద్వారా మంటలను గుర్తించి రాష్ట్రాలకు కబురు పంపుతోంది. మొదట్లో మోడిస్ అనే పరికరం ఒక కిలోమీటరు గళ్లలో చూసేది. 2017 నుంచి విర్స్ అనే పరికరం 375 మీటర్ల గళ్లలో చూస్తోంది. ఆ ఉపగ్రహం రోజులో మధ్యాహ్నం ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకసారి మన మీదుగా పోతుంది. ఆ రెండు వేళల మధ్య పుట్టి ఆరిన చిన్న మంట దానికి కనిపించకపోవచ్చు, ఒకే పెద్ద మంట నాలుగైదు చుక్కలుగా నమోదు కావచ్చు. అందుకే పత్రికల్లో వచ్చే ‘ఇన్ని వందల మంటలు’ అనే సంఖ్యకూ, ఊరివాడు కళ్లతో చూసిన దానికీ పొంతన ఉండదు. ఫోనుకు చుక్క వచ్చాక జీపు పోగలిగినంత దూరం జీపులో, ఆపైన కాలినడకన వెళ్లేసరికి చాలాసార్లు బూడిదే కనిపించేది. మంటను అందరికంటే ముందు చూసేది ఎప్పుడూ అక్కడ తిరిగే మనిషే.

ఇప్పుడు నాకు ఇబ్బందిగా ఉన్నా ఒక మాట చెబుతాను. ఆ మనిషి వచ్చి “ఫలానా చోట అగ్గి పడింది” అని చెప్పినప్పుడు మేము వేసే మొదటి ప్రశ్న, “నువ్వు అక్కడికి ఎందుకు వెళ్లావు?” అని. అది తనిఖీ అలవాటు, దురుద్దేశం కాదు. కానీ అలా అడిగించుకున్నవాడు మరుసటి ఏడాది మళ్లీ వచ్చి చెప్పిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తులేదు.

జవాబు – మందవెంట

పాత బీటు గారి చివరి మాటలు రెండుసార్లు చదివాను. శాఖలో పనిచేసిన వ్యక్తి ఒకరు ఆ మాట రాయడం నేను చూడటం ఇదే మొదటిసారి.

మాది గొర్రెలు, ఎద్దులు మేపే కుటుంబం. నేను ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను గాని, పదో తరగతి వరకు వేసవి సెలవులన్నీ మంద వెంటే గడిచాయి. చింతగింజ గారు ‘అగ్గి’ అని కాకుండా ‘కార్చిచ్చు’ అని రాయడం ఒక పొరపాటైతే, అగ్గి అంతా ఒకటే అనుకోవడం రెండో పొరపాటు. శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోతుందంటారు కదా, మా నాయనకు అదే గీటురాయి. ఆ పండుగకు ముందు రాత్రిపూట మంచు ఉంటుంది, గడ్డి అడుగున ఇంకా పచ్చిగా ఉంటుంది. అప్పుడు పడిన అగ్గి ముక్కలు ముక్కలుగా కాలి, తెల్లవారేసరికి దానంతట అదే చల్లారుతుంది. ఉగాది దాటిన తరువాత అగ్గి పడితే అది రోజుల తరబడి నడుస్తుంది, వాగు దాటుతుంది, పక్క ఊరి మేతను కూడా తింటుంది. మొదటిదాన్ని మా నాయన లెక్కచేసేవాడు కాదు. రెండోదానికి నిజంగా భయపడేవాడు. మీరు గడి ఒక్కటే గీసి ఈ రెండింటినీ అందులో కలిపేశారు.

కాపరులే లేత గడ్డి కోసం అగ్గి పెడతారని అందరూ రాస్తారు. పెట్టేవాళ్లు లేరని నేను అనను; కాలిన నేల మీద ఒక్క జల్లు పడితే మూడు నాలుగు రోజుల్లో మొలక వస్తుంది, పశువు దాని కోసం పరుగెడుతుంది. కానీ ఆ జల్లు పడకపోతే ఏమవుతుందో ఎవరూ రాయరు. ఎండుగడ్డి అయినా ఉండి ఉంటే ఏప్రిల్, మే నెలలు గడిచేవి. అది కాలి, వాన రాకపోతే మంద రోజుకు మరో నాలుగు మైళ్లు నడవాలి. మా కుటుంబం అగ్గి వల్ల నష్టపోయిన సంవత్సరాలే ఎక్కువ. అందుకే ఇక్కడ ‘స్థానికులు’ అని ఒకే మాటలో చుట్టేయవద్దని కోరుతున్నాను. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు చెట్టు కింద ఆకు తగలబెడతారు, పువ్వు తేటగా కనిపించాలని. తేనె తీసేవాళ్ల చేతిలో పొగ కట్ట ఉంటుంది. దారి పక్క పొదలు కాలిస్తే ఎలుగుబంటి దూరం నుంచే కనిపిస్తుందని కొందరు కాలుస్తారు. వాళ్ల దృష్టిలో అగ్గి ముప్పు కాదు, ముప్పు నుంచి రక్షణ. ఆదిలాబాద్, భద్రాచలం వైపు తునికాకు చిగురు కోసం కాల్చడం పెద్ద కారణమని విన్నాను. ఇక శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా వేలమంది భక్తులు కాలినడకన శ్రీశైలం పోతారు; ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. దారిలో వంట చేసుకుంటారు, బీడీలు కాలుస్తారు. అదంతా ఆకు రాలే కాలంలోనే.

మా ఊళ్లో మాట వాడే తీరు కూడా గమనించండి. ‘అగ్గి పడింది’ అనడం వేరు, ‘అగ్గి పెట్టారు’ అనడం వేరు. పడిందంటే అందులో మనిషి లేడు, పెట్టారంటే ఉన్నాడు. యూనిఫాం వేసుకున్నవాళ్ల ముందు ఎవరైనా సరే ‘పడింది’ అనే అంటారు. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు గూడెంవాళ్లు తండావాళ్ల పేరు చెబుతారు, తండావాళ్లు కాపరుల పేరు చెబుతారు, మేము యాత్రికుల పేరు చెబుతాం. యాత్రికులు తిరిగి రారు కాబట్టి ఆ నింద మోయడం వాళ్లకు తేలిక.

మా నాయన ఒకసారి మంట చూసి దగ్గరలోని ఒక చెక్‌పోస్టులో చెప్పి వస్తానని వెళ్లి, మరునాడు సాయంత్రానికి గాని ఇంటికి రాలేదు. కేసు పెట్టలేదు, కొట్టలేదు. కూర్చోబెట్టి అడిగారు, అంతే. ఆ చోటు, ఆ మనుషులు ఎవరన్నది ఇప్పుడు అనవసరం. ఆ తరువాత మా ఇంట్లో అగ్గి గురించి ఒకటే నియమం ఉండేది: చూస్తే మందను మళ్లించుకుని రావాలి, నోరు తెరవకూడదు.

జవాబు – శాక్రమెంటో నుంచి

నేను ఈ విషయంలో నిపుణుడిని కాను, కొన్నేళ్లుగా ఉత్తర కాలిఫోర్నియాలో ఉంటున్నాను. చింతగింజ గారు విదేశీ దృశ్యాలు అన్నారు కాబట్టి నాలుగు మాటలు. 2018 నవంబరు 8న ఇక్కడికి ఉత్తరాన ఉన్న పారడైజ్ అనే పట్టణం ఒక్క రోజులో దాదాపు మొత్తం కాలిపోయింది, ఆ మంటలో 85 మంది చనిపోయారు. ఆ ఊరివాళ్లకు ముప్పు తెలియక కాదు. అంతకు పదేళ్ల ముందు కూడా మంటల వల్ల ఊరు వదిలి వెళ్లిన అనుభవం వాళ్లకు ఉంది. ఉన్న కొద్ది రోడ్ల మీదికి అందరూ ఒకేసారి వచ్చి ఇరుక్కుపోయారు.

మా వీధిలో మాత్రం మంట భయం కొండ మీద నుంచి రాదు, బీమా కంపెనీ పంపే కవరులో వస్తుంది. ఇంటి బీమా ఈ ఏడాది పునరుద్ధరించడం లేదని ఉత్తరం వచ్చిన రోజున, అప్పటిదాకా ఇంటి చుట్టూ నూరు అడుగుల మేర ఎండుగడ్డి తీయమంటే విసుక్కున్నవాళ్లు కూడా గడ్డి కోసే యంత్రం అద్దెకు తెచ్చుకున్నారు. ముప్పు ఎంత అన్నది జనం మంటను చూసి కాక, తమ చేతికి వచ్చే కాగితాన్ని చూసి లెక్క కడతారని నాకు అనిపించింది. మందవెంట గారి ఇంటి నియమం చదివాక, అక్కడ కూడా అంతేనేమో అనిపిస్తోంది.

జవాబు – బిళిగిరి దారి

కర్ణాటకలోని చామరాజనగర జిల్లా బిళిగిరి రంగన కొండల్లో, అక్కడి గిరిజనులైన సోలిగ ప్రజల మధ్య కొంతకాలం పరిశోధన పని చేశాను. అక్కడి అనుభవం నల్లమలకు పూర్తిగా సరిపోదు, అయినా చింతగింజ గారి ప్రశ్నకు దగ్గరగా వస్తుంది కనుక చెబుతున్నాను.

సోలిగలు ‘తరగు బెంకి’ అని ఒక మంటను వేరుగా గుర్తిస్తారు. తరగు అంటే రాలిన ఆకు, బెంకి అంటే అగ్గి. ఏడాది మొదట్లో, నేల పూర్తిగా ఎండకముందే, ఆకును కాలనిచ్చే చిన్న మంట అది. దానివల్ల ఉసిరి చెట్ల మీద పట్టి వాటి సారం పీల్చే బదనిక మొక్క తగ్గుతుందని, గడ్డి బాగా వస్తుందని, లాంటానా కంప పెరగదని వాళ్ల అనుభవం. 1974లో ఆ అడవి అభయారణ్యం అయింది. సోలిగల ఊళ్లను బయటికి తరలించారు, వాళ్లు వేసే మంటను నేరం కింద లెక్కకట్టారు. ఆ తరువాతి దశాబ్దాల్లో లాంటానా అడవి అడుగంతా కమ్ముకుంది. 1997 నుంచి 2008 వరకు జరిగిన కొలతల్లో దాని విస్తరణ స్పష్టంగా నమోదైంది. లాంటానా మనిషి ఎత్తును మించి గుబురుగా పెరిగే పొద. అది ఎండినప్పుడు అంటుకుంటే మంట మోకాలెత్తున ఉండదు, చెట్ల కొమ్మలదాకా లేస్తుంది. సోలిగలను అడిగితే ‘అగ్గికి భయం లేదు’ అనరు. పాత అగ్గికి భయం లేదు, ఇప్పటి అగ్గికి ఉంది అంటారు. మందవెంట గారి నాయన శివరాత్రిని గీటురాయిగా పెట్టుకున్నట్టే వాళ్లకూ ఒక గీటురాయి ఉంది.

దీన్ని చదివి ఎవరూ ‘అయితే అందరినీ మంటలు పెట్టుకోనివ్వండి’ అనే నిర్ణయానికి రావద్దు. పాత బీటు గారు చెప్పిన లేత మొక్కల నష్టం నిజం. పైగా మంట వేళను నిర్ణయించే పెద్దలు, వాగు దగ్గర నిలబడి చూసుకునే పదిమంది ఒక ఊరిలో ఉన్నప్పుడు అది ఒక పద్ధతి. రోడ్డు మీద పోతూ ఎవరో విసిరిన బీడీముక్కకు పద్ధతేమీ లేదు.

కాపరులు, గిరిజనులు కబురు చెప్పకపోవడానికి చట్టంలో కూడా పాత మూలం ఉంది. 1927 నాటి భారత అటవీ చట్టంలో 79వ సెక్షన్, అడవిలో హక్కులు అనుభవించేవాళ్లందరూ మంటను ఆర్పడానికి సాయపడాలని, సమాచారం ఇవ్వాలని చెబుతుంది. అదే చట్టంలో 26వ సెక్షన్ మరొక మాట చెబుతుంది: రిజర్వు అడవిలో కావాలని గానీ తీవ్రమైన నిర్లక్ష్యం వల్ల గానీ మంట లేస్తే, అక్కడ మేత హక్కును, అటవీ ఉత్పత్తుల హక్కును ప్రభుత్వం కొంతకాలం నిలిపివేయవచ్చు. అంటే ఒకరు పెట్టిన అగ్గికి ఊరంతటి మేత ఆగిపోయే వీలు ఆ చట్టంలోనే ఉంది. మీ ప్రాంతానికి 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వర్తిస్తుంది, సెక్షన్లు వేరు. కానీ ఊరి జ్ఞాపకం సెక్షన్ల సంఖ్యను బట్టి నడవదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది; దాన్ని మంట విషయంలో వాడుకున్న గ్రామసభలు నాకు తారసపడింది తక్కువ.

చింతగింజ గారు మళ్లీ అడగదలిస్తే ‘ముప్పు’ అనే మాటను పక్కన పెట్టి, క్రితం సారి అగ్గి చూసిన రోజు ఏమి చేశారో చెప్పమనండి. ఎటు నుంచి వచ్చింది, మొదట ఏమి కాపాడుకున్నారు, ఎవరికి చెప్పారు, ఎవరికి చెప్పలేదు. ఆడవాళ్లను వేరుగా కూర్చోబెట్టి అడగడం తప్పనిసరి, ఎందుకంటే ఆకు ఏరేది, పువ్వు ఏరేది, కట్టె తెచ్చేది ఎక్కువగా వాళ్లే. మగవాళ్లు చూడని మంటలను వాళ్లు చూసి ఉంటారు. మరొక మనవి: ఎవరి పేరూ రాసుకోకండి, రాసుకోవడం లేదని వాళ్లకు కనిపించేలా పుస్తకం మూసి పక్కన పెట్టండి.

చింతగింజ

అందరికీ కృతజ్ఞతలు. మీ సూచనల ప్రకారం ఈసారి ఊరిలో ఒకసారి, గూడెంలో ఒకసారి కూర్చున్నాను. పుస్తకం ఇంట్లోనే వదిలి వెళ్లాను. ఇంటికి వచ్చాక గుర్తున్నంత రాసుకున్నాను, కాబట్టి కొంత జారిపోయి ఉండవచ్చు.

గడి ఒక్కటి కాకుండా నాలుగు గీశాను: ఇంటి కప్పు మీద పడే అగ్గి, గడ్డివామికి అంటుకునే అగ్గి, మేత బీడులో అగ్గి, లోపలి అడవిలో అగ్గి. గూడెంలో చుట్టుగుడిసెలకు బోద గడ్డి కప్పే కాబట్టి మొదటి గడి నిండింది. ఊరిలో పక్కా ఇళ్లు ఎక్కువ కనుక గింజలన్నీ వామి గడిలోకి వెళ్లాయి. వామి కాలితే ఎద్దుల జతను ఎండాకాలం మధ్యలో అమ్ముకోవలసి వస్తుందని ఒక రైతు చెప్పారు. మేత గడిలో గింజలు పెట్టినవాళ్లు దాదాపు అందరూ కాపరులే. లోపలి అడవి గడి ఊరిలో ఈసారి కూడా ఖాళీయే. గూడెంలో మాత్రం ఇద్దరు ఆడవాళ్లు అందులో గింజలు పెట్టి, ఏటా కాలుతున్న ఒక గట్టు మీద నారమామిడి చెట్లు ముసలివైపోయాయని, కింద పిల్ల చెట్లు లేవని అన్నారు. పాత బీటు గారు ఇరవై ఏళ్ల భయం శాఖదని రాశారు, అది వాళ్లకూ ఉంది. వాళ్లు దాన్ని కార్చిచ్చు ముప్పు అని పిలవకుండా, చెట్టు ముసలిదైందని అంటున్నారు.

తరువాత నేను ఐదో గడి గీశాను. ఆ ఆలోచన మందవెంట గారి జవాబు చదివాకే వచ్చింది. అగ్గి చూసి కబురు చెప్పడం వల్ల వచ్చే ఇబ్బంది అని ఆ గడికి పేరు పెట్టాను. కొంచెంసేపు ఎవరూ కదలలేదు. తరువాత ఒకాయన లేచి తన గింజలన్నీ తీసి అందులో పోశాడు, అందరూ నవ్వారు, ఆ వెంటనే మిగతావాళ్లు కూడా వేయడం మొదలుపెట్టారు. “అగ్గి ఆరిపోద్ది సారూ, కేసు ఆరదు” అని ఆయనే అన్నాడు. కేసు ఎవరి మీదైనా పెట్టారా అని అడిగితే, ఈ ఊరిలో అటువంటిది జరగలేదనే చెప్పారు. జరగని కేసుకు కూడా కాలుతున్న గడ్డి కంటే ఎక్కువ గింజలు వచ్చాయి.

పంచాయతీ ప్రణాళికలో దీన్ని ఎలా రాయాలో ఇంకా తేలలేదు. ‘కబురు చెప్పడానికి భయం’ అనే వరుసను విపత్తుల పట్టికలో పెడితే పై కార్యాలయంలో కొట్టివేస్తారని మా కార్యదర్శి అంటున్నారు. నేను రాయాలనే అనుకుంటున్నాను. పాత బీటు గారిని ఒకటి అడగదలిచాను: పేరు చెప్పకుండా మంట జాడ మాత్రమే చెప్పే ఏర్పాటు శాఖలో సాధ్యమేనా?

జవాబు – పాత బీటు

కాగితం మీద అటువంటి ఏర్పాటును నేను చూడలేదు గాని, పని నడిచిన దారి ఒకటి చూశాను. సీజన్‌కు ముందు ఫైర్ వాచర్లుగా కొందరిని పనిలోకి తీసుకుంటారు, చాలాచోట్ల వాళ్లు గూడెం పిల్లలే. ఊరివాళ్లు వాచర్‌కు చెబితే, వాచర్ తాను చూసినట్టు పైకి చెబుతాడు. అతను అడవిలో ఉండటమే అతని ఉద్యోగం కాబట్టి ఎందుకు వెళ్లావని అడిగేవాళ్లు ఉండరు. నేను పనిచేసిన ఒక బీటులో రెండేళ్లపాటు ఇలా నడిచింది, ఆ రెండేళ్లూ మేము మంట దగ్గరికి బూడిద కాకముందే చేరుకున్న సందర్భాలు ఎక్కువ. తరువాత ఆ వాచర్‌కు కూలి డబ్బు నెలల తరబడి ఆలస్యమై వేరే పనికి వెళ్లిపోయాడు, దారి మూసుకుపోయింది. కాబట్టి మీ ప్రణాళికలో వాచర్ల కూలి సకాలంలో అందాలనే వాక్యం కూడా రాయండి. మీ కార్యదర్శి గారు దాన్ని కొట్టివేయలేరు.

మీరు గీసిన ఐదో గడి గురించి రేంజ్ కార్యాలయంలో మీరే స్వయంగా చెప్పండి, ఊరివాళ్లను వెంట తీసుకువెళ్లవద్దు. ఉపాధ్యాయుడు చెబితే వింటారు, కనీసం కుర్చీ వేస్తారు. వెళ్లేటప్పుడు ‘మీ సిబ్బంది భయపెడుతున్నారు’ అని మొదలుపెట్టకుండా, కబురు ఆలస్యంగా రావడానికి కారణం తెలిసిందని మొదలుపెట్టండి; ఆ కారణం కోసం వాళ్లు కూడా ఏళ్లుగా వెతుకుతున్నారు.

జవాబు – మందవెంట

వాచర్ ద్వారా చెప్పడం మా వైపు కూడా సాధ్యమేననిపిస్తోంది, అయితే ఆ వాచర్ ఏ గూడెంవాడన్నది చూడాలి. గూడెం వాచర్‌కు తండావాళ్లు చెప్పరు. ఇద్దరు ఉంటే మేలు.

చింతగింజ గారు, తదుపరి సమావేశం శివరాత్రికి ముందే పెట్టుకోండి. ఆ తరువాత మందలు లోపలికి పోతాయి, మా వాళ్లు దొరకరు. గూడెంలో అయితే బోద కోతకు పోయే రోజులు ముందుగా కనుక్కోండి, లేకపోతే చింతగింజలు పట్టుకుని ముసలమ్మ ఒక్కతే కూర్చుని ఉంటుంది.